షూటింగ్‌కి కళ్లద్దాలు

‘‘షూటింగ్‌కి కళ్లద్దాలు కావాలి’’ అన్నాను కౌంటర్‌లో కుర్రాడితో.

‘‘ఏ సినిమా సార్?’’ అన్నాడు వాడు, కళ్లు పెద్దవి చేసి.

వాడి తప్పేమీ లేదు. మనకు షూటింగ్ అంటే సినిమాయే. శామీర్‌పేట చెరువు కట్ట మీద హీరో డ్యూయెట్ పాడుతుంటే బడి ఎగ్గొట్టి చూసొచ్చి అమ్మ చేత తన్నులు తిన్నవాడిని నేనే. అందుకే నవ్వి, ‘‘సినిమా కాదు బాబూ, తుపాకీ షూటింగ్. మా మేనకోడలు నేర్చుకుంటోంది’’ అన్నాను. వాడు ఇంకా ఉత్సాహపడ్డాడు. లోపలికెళ్లి నల్లటి డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో వెడల్పాటి, నీలిరంగు మెరుపు అద్దాలు. ‘‘ఇవే సార్ షూటింగ్ గ్లాసులు. పడేసినా పగలవు’’ అన్నాడు.

పెట్టి చూస్తే నాకే సరిపోయాయి. ‘‘అమ్మాయికి కాస్త పెద్దవవుతాయేమో’’ అన్నాను. ‘‘పెరిగే పిల్ల కదా సార్’’ అన్నాడు.

ఆ ఒక్క మాటకు పడిపోయాను. మన ఇళ్లల్లో ఏది కొన్నా అంతే కదా. యూనిఫాం ఒక సైజు పెద్దది, బూట్లు ముందు దూది కుక్కుకునేంత పెద్దవి, సైకిల్ అయితే రెండేళ్లదాకా కాళ్లు అందనిది. పిల్లలే వస్తువుకు సరిపడా పెరగాలి. కళ్లద్దాలకూ అదే సూత్రం వర్తింపజేసి, బిల్లు కట్టి, గర్వంగా మేడ్చల్ బస్సెక్కాను. ఆ గర్వం ఎంత ఖరీదైందో ఈ వారం చెబుతాను.

పేరుకే మట్టి పిట్ట

ముందు ఈ ఆట సంగతి. మా చెల్లెలు వాళ్లుండేది శామీర్‌పేటలో. దాని కూతురు ఇంటర్ చదువుతోంది. హైదరాబాద్ కుర్రాడు కైనాన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆడాడనీ, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో (2023లో జరిగాయవి) ట్రాప్ షూటింగ్‌లో కాంస్యం, టీమ్‌తో కలిసి స్వర్ణం తెచ్చాడనీ టీవీలో చూసింది. అంతే, ‘‘నేనూ నేర్చుకుంటా’’ అని కూర్చుంది. వాళ్ల నాన్న లెక్కలేసుకున్నాడు, వాళ్లమ్మ దండం పెట్టింది, చివరికి ఒప్పుకున్నారు. తుపాకీ, తూటాలు అకాడమీవే. శని, ఆదివారాల్లో శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మేడ్చల్, దుండిగల్, పటాన్‌చెరు మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్లాలి. 2002 జాతీయ క్రీడల కోసం సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర కట్టిన షూటింగ్ రేంజ్ అక్కడే ఉంది. డ్రైవర్‌ని నేనే.

ఎగిరే బిళ్లను తుపాకీతో పగలగొట్టడమే ట్రాప్. పూర్వం నిజం పావురాలనే వదిలి కాల్చేవారు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ పోటీ జరిగింది. అంతకు ముందే 1880 ప్రాంతంలో అమెరికాలో మట్టి బిళ్లలు వచ్చాయి. పావురాలు బతికిపోయాయి, పేరు మాత్రం ‘క్లే పిజియన్’గా మిగిలిపోయింది. ఇప్పటి బిళ్లలో మట్టి కూడా లేదు. సున్నపురాయి పొడి, తారు లాంటి పదార్థం కలిపి పోత పోస్తారు. చిన్న సాసర్‌లా ఉంటుంది. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. షూటర్‌కు 15 మీటర్ల ముందు భూమిలో కందకం, అందులో యంత్రాలు. షూటర్ కేక వేయగానే ఏదో ఒక యంత్రం బిళ్లను విసురుతుంది. ఎడమకో, కుడికో, ఎత్తుగానో, నేలబారుగానో ముందుగా తెలీదు. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ఆ బిళ్లను సెకనులోపే చూసి, వెంబడించి, కాల్చాలి. ఒక రౌండ్‌కు 25 బిళ్లలు. పెద్ద పోటీల్లో అర్హత దశలో 125.

స్కీట్ అని ఇంకోటుంది. అందులో రెండు పక్కలా రెండు గదులుంటాయి. ఒకదాన్లోంచి ఇంకోదాని వైపు బిళ్లలు అడ్డంగా ఎగురుతాయి. కొన్ని మనకు ఎదురుగానే వస్తాయి. ఈ ‘ఎదురుగా’ అన్నమాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

మా ఇంట్లో కన్ను అంటే...

పిల్ల షూటింగ్ అనగానే అందరూ తుపాకీ గురించి భయపడ్డారు, మా అమ్మ తప్ప. ఆమె ఒక్కటే మాట అంది. ‘‘గా తుపాకి సంగతి నాకు తెల్వది బిడ్డా. ముందుగాల కండ్లకు అద్దాలు పెట్టుకో. అవి లేకుంటె అడుగు బయట పెట్టనియ్య.’’

ఎందుకో నాకు తెలుసు. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. రోడ్డుకు రెండు వైపులా అనాబేషాహీ గుత్తులు వేలాడుతుండేవి. పందిళ్లకు రాతి కడీలు పాతేవారు. మా నాన్న ఒక ఆసామి తోటలో పనిచేసేవాడు. నాకు ఆరేళ్లప్పుడు ఒకరోజు కడీని సుత్తితో చెక్కుతుంటే రాతి పెచ్చు ఎగిరి కుడికంట్లో పడింది. గోరంత ముక్క. నీళ్లతో కడిగాడు, పక్కింటావిడ చనుబాలు పోయించుకున్నాడు, ‘అదే తగ్గుతది’ అన్నాడు. మూడోరోజు పట్నం పెద్దాసుపత్రికి పోయేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు నాన్న ఒక కంటితోనే బతికాడు. బావిలోకి చేద వేసేటప్పుడు, గ్లాసులోకి నీళ్లు వంచేటప్పుడు దూరం అంచనా దొరక్క తడబడేవాడు. అమ్మ ఏమీ అనకుండా వచ్చి గ్లాసు పట్టుకునేది.

కంటికి రాతి పెచ్చు అయినా బిళ్ల పెచ్చు అయినా ఒకటే. ఆ సంగతి మా ఇంట్లో ఒక్క అమ్మే మరిచిపోలేదు.

పన్నెండు కాస్తా ఎనిమిదైంది

మొదటి నెలంతా మేనకోడలు అకాడమీ వాళ్లు ఇచ్చిన పాత కళ్లద్దాలతోనే ఆడింది. గీతలు పడిన చిన్న జత. 25 బిళ్లలకు పన్నెండో పదమూడో కొట్టేది. కొత్తపిల్లకు అది తక్కువేం కాదన్నారు కోచ్. ఆ తర్వాత నా నీలి మెరుపు అద్దాలు వచ్చాయి. ‘‘సూపరున్నయ్ మామా’’ అంది. ఫోటో దిగింది, అందరికీ పంపింది.

ఆ వారం తొమ్మిది కొట్టింది. మరుసటి వారం ఎనిమిది. తర్వాత ఏడు. ‘‘తల లేపుతున్నావు. చెంప ఆనించు’’ అని కోచ్ ప్రతి బిళ్లకూ అరవడం, పిల్ల ఆనించానని అనుకోవడం, బిళ్ల క్షేమంగా గడ్డిలో వాలడం. అద్దాల మీద ఎవరికీ అనుమానం రాలేదు. పాతవి తీసేసి కొత్తవి పెడితే ఆట మెరుగవ్వాలి గానీ చెడటమేమిటి? తప్పు పిల్లదే అనుకున్నాం. ఇంటర్ చదువు ఒత్తిడి అన్నాడు వాళ్ల నాన్న. సెల్‌ఫోన్ అంది వాళ్లమ్మ. ‘శ్రద్ధ తగ్గింది’ అన్నాను నేను, కారులో, వెనక్కి తిరక్కుండా. కండ్లకోయ దాకా అది ఒక్కమాట మాట్లాడలేదు. తర్వాత చిన్నగా అంది: ‘‘నాకు రాదేమో మామా. డబ్బులు దండగ. మానేస్తా.’’

ఊరి పేరులోనే కండ్లు పెట్టుకున్న ఆ కండ్లకోయ దగ్గర కూడా నా కళ్లు తెరుచుకోలేదు.

తర్వాతి ఆదివారం రేంజ్‌లో దాని వంతు రాలేదని పక్కనే స్కీట్ ఆడుతుంటే వెళ్లి చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా వచ్చిన బిళ్లను ఒకాయన దగ్గరలో పేల్చాడు. ముక్కలు వానలా రాలాయి. ఒకటి వచ్చి నా చెంప మీద, కంటికి రెండు వేళ్ల కింద, చురుక్కున తగిలింది. చేత్తో తడుముకుంటే చిన్న రక్తపు చుక్క. గోరంత ముక్క. సరిగ్గా గోరంత.

కాళ్లు వణికాయి. పిల్లకు అద్దాలు కొన్నాను గానీ, నాకు కొనాలని తోచలేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల పుస్తకం షూటర్లకే కాదు, చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కూడా పగలని కళ్లద్దాలు పెట్టుకోమని గట్టిగా చెబుతుంది. ఆ సంగతి నాకు ఆ చుక్క రక్తం తర్వాత తెలిసింది.

అమ్మ పట్టుకున్న తప్పు

ఆ సాయంత్రం మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చాం. అమ్మ నా చెంప చూసింది, ఏమీ అనలేదు. పసుపు అద్దింది. కాసేపటికి మనవరాలిని పిలిచి, ‘‘తుపాకి ఎట్ల పట్టుకుంటవో సూపియ్యి’’ అంది. ఇంట్లో తుపాకీ ఎక్కడిది? గొడుగు తెచ్చింది. నీలి అద్దాలు పెట్టుకుని, గొడుగు పిడి భుజానికి ఆనించి, చెంప దాని మీద వాల్చి, గురి పెట్టింది. అమ్మ వెళ్లి ఎదురుగా నిలబడి కాస్త వంగి చూసింది. (గొడుగు కాబట్టి సరిపోయింది. నిజం తుపాకీ ఖాళీదైనా సరే ఎవరూ దాని ముందుకు వెళ్లకూడదు.)

‘‘గీ పిల్ల కండ్లు అద్దాలల్ల కానొస్తలేవు కదరా. పైన ఫ్రేము అడ్డమొస్తున్నది’’ అంది.

నేనూ వెళ్లి చూశాను. నిజమే. నిటారుగా నిలబడితే అద్దాల మధ్యలో ఉన్న కళ్లు, చెంప వాల్చగానే పైకి జరిగి ఫ్రేము పై అంచు వెనక దాక్కుంటున్నాయి. దానికి తోడు అద్దాలు ముక్కు మీంచి జారుతున్నాయి. నేను కొన్న ‘ఒక సైజు పెద్ద’ అద్దాలు.

మర్నాడు కోచ్‌కి చెబితే ఆయన తల కొట్టుకున్నాడు. ‘‘నెల రోజులుగా తల లేపుతోందని తిడుతున్నాను. ఎందుకు లేపుతోందో చూడలేదు’’ అన్నాడు. అంతమాట పెద్దమనసున్నవాడు గనక అన్నాడు.

ఆయన చెప్పిన వివరం ఇది. రైఫిల్‌కు ముందూ వెనకా రెండు గురిబిందువులుంటాయి. షాట్‌గన్‌కు వెనకది ఉండదు. ఆ స్థానంలో మన కన్నే పనిచేస్తుంది. చెంప తుపాకీ కట్టెను వదిలి వేలెడంత లేస్తే కన్ను లేస్తుంది, కన్ను లేస్తే గుండ్లు బిళ్ల పైనుంచి పోతాయి. ఇక తల వంచినప్పుడు కళ్లు అద్దం మధ్యలోంచి కాదు, పైభాగంలోంచి, ముక్కు వైపు మూలలోంచి చూస్తాయి. అక్కడ ఫ్రేము కడ్డీ అడ్డం వస్తే మెదడు ఊరుకోదు. చూపు కోసం మెడను తనకు తెలియకుండానే పైకి లేపిస్తుంది. పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆనించాననే అనుకుంది. దానికి శ్రద్ధ లేదని అన్నది మనం.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఈసారి దాన్ని వెంటబెట్టుకునే వెళ్లాను. మూడు దుకాణాలు తిరిగాం, తెలిసినవాళ్లను అడిగాం. నేర్చుకున్నదంతా మీకోసం రాస్తున్నాను. మీ ఇంట్లో షూటర్ లేకపోయినా, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లో, బండి నడిపేవాళ్లో, వెల్డింగ్ చేసేవాళ్లో ఉంటే చాలావరకు పనికొస్తుంది.

మొదటిది రక్షణ. అద్దం పాలీకార్బొనేట్‌దై ఉండాలి. 1953లో జర్మనీలో ఒకరు, అమెరికాలో ఒకరు విడివిడిగా కనిపెట్టిన ప్లాస్టిక్ ఇది. చంద్రుడి మీదికి వెళ్లిన వ్యోమగాముల శిరస్త్రాణాల్లో వాడారు, మన పాటల సీడీలు కూడా దానితోనే చేశారు. దెబ్బ తగిలితే గాజులా పెచ్చులుగా పగలదు. మామూలు కళ్లజోళ్లలో వాడే ప్లాస్టిక్ కూడా ‘కిందపడితే పగలదు’. కానీ ఎగిరొచ్చే ముక్కకు ఆగుతుందన్న హామీ లేదు. రెంటికీ తేడా దుకాణంవాడు చెప్పడు, అద్దం మీది గుర్తు చెబుతుంది. అమెరికా ప్రమాణమైతే ‘జెడ్ 87’ పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. అంటే పావు అంగుళం ఉక్కు గుండును సెకనుకు దాదాపు 45 మీటర్ల వేగంతో కొట్టినా, అర కిలో బరువును మనిషి ఛాతీ ఎత్తు నుంచి మొనవైపుగా దాని మీద పడేసినా అద్దం నిలబడిందని. ఐరోపాది అయితే ‘ఈఎన్ 166’. మనదేశంలో కంటి రక్షణ సాధనాలకు ‘ఐఎస్ 5983’ ఉంది. గుర్తు అద్దం మీదా ఉండాలి, ఫ్రేము మీదా ఉండాలి. గట్టి అద్దం బలహీనమైన ఫ్రేములోంచి ఊడి కంటికే తగిలితే లాభమేమిటి? నేను కొన్న నీలి అద్దాల మీద ఎంత వెతికినా ఏ గుర్తూ లేదు.

రెండోది అమరిక. దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి ‘బాగున్నాయా’ అని చూసుకోవడం దండగ. ఆ భంగిమలో ఎవరూ బిళ్లలు కొట్టరు. ఒక గొడుగో, కర్రో తీసుకుని చెంప వాల్చి చూడాలి. అప్పుడు కంటిపాప పైన ఇంకా అద్దం మిగిలి ఉండాలి. ఫ్రేము పై అంచు కనుబొమల మీదుగా గానీ అంతకంటే ఎత్తులో గానీ ఉండాలి. అందుకే అసలైన షూటింగ్ కళ్లద్దాల అద్దాలు ముఖం మీద ఎత్తుగా కూర్చుంటాయి, ముక్కు దగ్గరి ఆసరాను పైకీ కిందకీ జరుపుకునే వీలుంటుంది. కొన్నిటికి పై కడ్డీయే ఉండదు.

మూడోది ముక్కు. ఎత్తయిన ముక్కు కోసం చేసిన ఫ్రేము మన పిల్లల ముక్కు మీద నిలవదు. ఏప్రిల్ ఎండలో చెమట పడితే ఇక జారుడుబండే. మెత్తటి రబ్బరు ఆసరా, వంచి సరిచేసుకునే వీలు ఉన్నవి చూడాలి. పెట్టుకుని తలను నాలుగుసార్లు గట్టిగా ఆడించండి, వంగి లేవండి. కదలకూడదు. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. మరీ దగ్గరైతే చెమటకు ఆవిరి పడుతుంది. అలాగని చెంప దగ్గర చాలా ఖాళీ ఉంటే ముక్క అందులోంచి దూరుతుంది. చెంప వాల్చినప్పుడు కింది అంచును చెంప పైకి నెట్టకుండా కూడా చూసుకోవాలి.

నాలుగోది చెవి. షాట్‌గన్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు మఫ్ తప్పనిసరి. కళ్లద్దాల కాడలు లావుగా ఉంటే మఫ్ చెవికి అతుక్కోదు, ఆ సందులోంచి చప్పుడు లోపలికొస్తుంది. కాడలు పలచగా, బల్లపరుపుగా ఉండాలి. అందుకని కళ్లద్దాలు కొనడానికి పోయేటప్పుడు మఫ్, టోపీ కూడా వెంట తీసుకెళ్లి అన్నీ పెట్టుకుని చూడాలి. మేం అలాగే వెళ్లాం. దుకాణంలో అందరూ మమ్మల్నే చూశారు. చూడనీండి.

రంగు మోజు

రంగు దగ్గర అందరం మోసపోతాం. నీలి మెరుపు చూసి నేను పడిపోయినట్టు. రంగు పని సోకు కాదు. నారింజ రంగు బిళ్ల పచ్చటి చెట్ల ముందో, ఆకాశం ముందో ఎగురుతుంది. దాన్ని వెనకున్న రంగులోంచి విడదీసి చూపించడమే అద్దం రంగు చేయాల్సిన పని. ఎరుపు, గులాబీ ఛాయలు నారింజను ఎత్తి చూపుతాయి. ఊదా రంగు వెనకనున్న పచ్చదనాన్ని కాస్త అణచిపెడుతుంది. డిసెంబర్ పొద్దున శామీర్‌పేట చెరువు మీద పొగమంచు లేచినట్టుండే వెలుతురులో లేత పసుపు బాగుంటుంది. మే నెల మధ్యాహ్నానికి బూడిద, గోధుమ రంగులు.

ఒక సూత్రం మాత్రం గుర్తుంచుకోండి. కళ్లు చికిలించకుండా చూడగలిగినంతలో ఎంత లేత రంగైతే అంత మంచిది. అద్దం మరీ నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు దగ్గరిదీ దూరందీ కలిపి స్పష్టంగా చూసే శక్తి తగ్గుతుంది. ముందు లేత రంగు, ముదురు రంగు రెండు అద్దాలు మార్చుకునే వీలున్న ఒక్క ఫ్రేము చాలు. ఆరు రంగుల సెట్టు అవసరం లేదు.

చూపు సమస్య ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. మామూలు కళ్లజోడులో పవర్ కేంద్రం నిటారుగా చూసే చూపుకు సరిపెడతారు. షూటర్ చూసేది పై మూలలోంచి. పవర్ అద్దం అంచుల్లోంచి చూస్తే బొమ్మ కాస్త పక్కకు జరుగుతుంది. రెండు కళ్ల పవర్ వేర్వేరైతే ఒక్కో బొమ్మ ఒక్కోలా జరిగి, వాటిని కలపడానికి కళ్లు శ్రమపడతాయి. కాబట్టి పరీక్ష చేసేవారికి ‘నేను తల ఇలా వాల్చి చూస్తాను’ అని చూపించి, కేంద్రం అక్కడికి సరిచేయమని అడగాలి. అడగడానికి మొహమాటపడొద్దు. 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్న ఊరు మనది. కంటి పరీక్షకు దూరాభారం లేదు.

ఏ కన్ను పెత్తనం?

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది క్యాలెండర్‌లో ఒక తేదీని రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. తేదీ అక్కడే ఉంటే మీకు కుడికన్నుది పెత్తనం. మాయమైతే ఎడమదానిది. కుడి భుజానికి తుపాకీ పట్టి, ఎడమకన్ను పెత్తనం చేస్తుంటే గురి పక్కకు లాగుతుంది. అలాంటివాళ్లలో కొందరికి కోచ్‌లు ఎడమ అద్దం మీద, గురి కనిపించే చోట చిన్న మసక టేపు ముక్క అంటిస్తారు. రెండు కళ్లూ తెరిచే ఉంటాయి, కానీ ఎడమది గురిలో వేలు పెట్టదు. ఇది సొంతంగా చేయొద్దు, కోచ్‌ని పక్కన పెట్టుకుని చేయండి. మా ఇంట్లో అందరం చేశాం. మా చెల్లెలిది ఎడమకన్ను పెత్తనమని తేలింది. ‘‘కన్ను సంగతేమో గానీ, పెత్తనం సంగతి నాకు పెళ్లినాడే తెలిసింది’’ అన్నాడు మా బావగారు.

ధర సంగతి. విదేశీ పేర్లున్న షూటింగ్ కళ్లద్దాలు వేల రూపాయల్లో ఉంటాయి. ఆట ముదిరాక అవసరమైతే కొనుక్కోవచ్చు. మొదట్లో గుర్తింపు ముద్ర ఉన్న, ముఖానికి అమరిన మామూలు రక్షణ కళ్లద్దాలు చాలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఫ్యాక్టరీలకు రక్షణ సామగ్రి అమ్మే దుకాణాల్లో కొన్ని వందలకే దొరుకుతాయి. చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకూ, నాలాంటి డ్రైవర్ మామయ్యలకూ అవి తెల్లటివి ఒక్కో జత కొనిపెట్టండి. పాలీకార్బొనేట్‌కు గీతలు తొందరగా పడతాయి. దుమ్ముతో ఉన్నప్పుడు చున్నీతోనో చొక్కా అంచుతోనో తుడవకుండా ముందు నీళ్లతో, కాస్త సబ్బుతో కడిగి మెత్తని గుడ్డతో అద్దాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానీయకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన అద్దాన్ని, బాగున్నట్టు కనిపించినా, మార్చేయాలి. అది తన పని చేసేసింది.

మళ్లీ పన్నెండు

మేనకోడలికి చివరికి దొరికినవి చిన్న ఫ్రేము, లేత గులాబీ అద్దాలు. అందంగా ఉండవు. ‘‘కప్పలాగున్న మామా’’ అంది. గొడుగు పట్టించి అమ్మ ముందు నిలబెట్టాను. అమ్మ వంగి చూసి, ‘‘ఇప్పుడు కండ్లు కానొస్తున్నయ్’’ అంది. అదే మా ఇంటి ముద్ర.

మహిమలేం జరగలేదు. మొదటి ఆదివారం పది. తర్వాత పన్నెండు. రెండు నెలలకు పదహారు. ఇప్పటికీ కొన్నిసార్లు తల లేపుతుంది. అప్పుడు అది నిజంగా దాని తప్పే, దిద్దుకుంటుంది. మానేస్తానన్న మాట మళ్లీ రాలేదు. కండ్లకోయ దాటుతుంటే ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చి, ‘‘శ్రద్ధ తగ్గిందన్నాను కదా, తప్పయింది’’ అన్నాను ఒకసారి. ‘‘ఏమోలే మామా, నేనూ అట్లనే అనుకున్న’’ అంది. ఆ జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. పిల్లలు మనమన్నది నమ్మేస్తారు. బూటు కరుస్తున్నా, అద్దం జారుతున్నా, బల్ల ఎత్తు సరిపోకపోయినా, తప్పు తమలోనే ఉందనుకుంటారు.

ఆ నీలి అద్దాలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. మా వీధి చివర వెల్డింగ్ దుకాణంలో కుర్రాడు ఉత్త కళ్లతో పనిచేస్తుంటాడు, వాడికిద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘‘కాపాడని అద్దం ఇంకొకని కండ్లకెందుకు పెడ్తవ్రా? వానికి కొత్తయి కొనియ్యి’’ అంది. ఆమె చెప్పినట్టే వెళ్లి వాడికి వెల్డింగ్‌కు పనికొచ్చే నల్లద్దాలే కొనిచ్చాను.

నీలివి బీరువా సొరుగులోనే ఉన్నాయి. మొన్న మేనకోడలు వచ్చి ఆ నల్లటి డబ్బా తీసి, మూత మీద తెల్లరంగుతో ఏదో రాసి పెట్టి వెళ్లింది. తర్వాత చూశాను.

‘సినిమా షూటింగ్‌కు మాత్రమే’.